హెడర్‌లో మోకిల

మోకిల

తమ్మీ,

నిన్న ఫోన్లో నువ్వు చదివి వినిపించిన ఎర్రర్‌తో నేనూ చాలా రాత్రులు కుస్తీ పట్టినవాణ్నే. హెడర్లు ముందే వెళ్లిపోయాయి, ఇక మార్చలేనంటోంది పీహెచ్‌పీ. నువ్వేమో హెడర్ రాసిన లైనునే పదిసార్లు తిరగరాశావు. తప్పు అక్కడ లేదురా. ఆ మెసేజీలోనే, అవుట్‌పుట్ ఎక్కడ మొదలైందో చెబుతూ ఇంకో ఫైలు పేరు, లైను నంబరు ఉంటాయి. ముందు అది తెరువు.

సర్వర్ మొదట స్టేటస్ పంపుతుంది, తర్వాత హెడర్లు, ఒక ఖాళీ లైను, ఆ తర్వాతే బాడీ. బాడీలో ఒక్క అక్షరం బయటపడ్డా హెడర్ల పని అయిపోయినట్టే. పూల బండి గుడిమల్కాపూర్ మార్కెట్ దారి పట్టాక మూట మీద చీటీ మార్చలేం కదా. ఆ అక్షరం ఒక్కోసారి కంటికి కనిపించదు. ఫైలు చివర మిగిలిన ఖాళీ లైను కావచ్చు, పాత నోట్‌ప్యాడ్ ఫైలు మొదట్లో పెట్టే 3 బైట్ల బీఓఎం కావచ్చు. బఫర్ పెట్టి దాన్ని కప్పేయొద్దు, వెతికి తీసెయ్.

నీ హెడర్ పేరు ముందు ఎక్స్ తగిలించావు. కొత్త పేర్లకు ఆ అలవాటు వద్దని 2012లోనే ఆర్‌ఎఫ్‌సీ 6648 చెప్పింది. తీసెయ్.

తెలుగు సంగతి మాత్రం నిదానంగా చదువు. పూల లెక్కల సైటు ఒకటి నోడ్‌లో రాస్తూ, ఊరి పేరును హెడర్‌లో నేరుగా పెట్టాను. పరీక్షలన్నీ ఇంగ్లిష్ పేర్లతోనే చేశాను, అన్నీ దాటాయి. మొదటిసారి ‘మోకిల’ రాగానే చెల్లని అక్షరమంటూ నోడ్ ఆ జవాబును అక్కడే ఆపేసింది. మన ఊరి పేరు చెల్లదా అని కడుపు మండింది. తర్వాత లెక్కేసి చూశా. కంటికి మూడక్షరాలే, యూనికోడ్‌లో ఐదు: మ, ఓత్వం, క, గుడి, ల. ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 15. పర్సెంట్ ఎన్‌కోడింగ్‌లో ఒక్కో బైటు మూడక్షరాలవుతుంది కాబట్టి 45. ఆ 45 హెడర్‌లో హాయిగా వెళ్తాయి. అవతల జావాస్క్రిప్ట్‌లో డీకోడ్ చేస్తే మళ్లీ మోకిలే. ఎవరైనా ఊరి పేరులో కొత్త లైను దూర్చి తమ హెడర్ పంపాలని చూసినా ఎన్‌కోడింగ్‌లో అది ఉత్త అక్షరాలుగా మారిపోతుంది. డౌన్‌లోడ్ ఫైలుకు తెలుగు పేరు పెట్టాలంటే ఫైల్‌నేమ్ పక్కన నక్షత్రం గుర్తున్న రూపం వాడు, ఎన్‌కోడింగ్ అదే.

పేజీ ఒక డొమైన్‌లో, సర్వర్ ఇంకో డొమైన్‌లో ఉంటే నీ హెడర్ బ్రౌజర్ దాకా వచ్చినా స్క్రిప్ట్‌కు కనిపించదు. యాక్సెస్-కంట్రోల్-ఎక్స్‌పోజ్-హెడర్స్‌లో దాని పేరు రాయాలి. దీనికి నాకు రెండు రోజులు పట్టింది, నీకు పట్టకూడదు.

ఇవాళ కర్ల్‌లో చిన్నబడి ఐ పెట్టి చూడు. పెద్దబడి ఐ వద్దు, అది హెడ్ రిక్వెస్ట్ పంపుతుంది, నీ కోడ్ దానికి వేరేగా జవాబివ్వొచ్చు. వచ్చిందంతా నాకు పంపు, రాత్రి కూర్చుని చూస్తా.

మీ అన్న