మెమోలో ఉన్న పేరే నీ పేరు

తల్లీ,

ఇంటర్ పాసయ్యావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎంత సంతోషించానో! ఆ వెంటనే, "స్కాలర్‌షిప్పులకు తిరగడమంటే ఒకళ్ల దగ్గర చేయి చాచినట్టుంటుంది మేడం" అంది. రాత్రిళ్లు కళ్లు నొప్పులు పుట్టేలా మగ్గం పని చేసి పిల్లల్ని చదివించే మనిషికి ఆ అభిమానం ఉంటుంది. అయినా ఆ మాట నేను ఒప్పుకోను, నువ్వూ ఒప్పుకోకు.

మన హైదరాబాదు పిల్ల సరోజినీ నాయుడు 1895లో, పదహారేళ్లకే ఇంగ్లండు వెళ్లి చదివింది నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో. అది ప్రభువు మెచ్చి ఇచ్చింది. ఇప్పుడు ఎవరి మెప్పూ అక్కర్లేదు. సిటీలో ఏడాదికి రెండు లక్షల లోపు ఆదాయమున్న మనలాంటి ఇళ్ల పిల్లల ఫీజు తానే కడతానని ప్రభుత్వం జీవోలిచ్చింది. కాగితాలు సరిగ్గా ఉంటే అడిగే హక్కు నీకుంది.

మన యాకుత్‌పురా బస్తీ పిల్లలు ఆగిపోయేది ఆ కాగితాల దగ్గరే. నీ పదో తరగతి మార్కుల మెమోలో పేరు చివర బేగం ఉంది, ఆధార్‌లో లేదు. స్కాలర్‌షిప్పుల వెబ్‌సైట్ ఈ-పాస్‌లో దరఖాస్తు అక్కడే చిక్కుకుంటుంది. మెమో దిద్దించడం పెద్ద తతంగం, ఆధార్‌నే మెమో ప్రకారం మార్పించుకో. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చనిస్తారు, ఒక్కో అక్షరం చూసుకున్నాకే సరే అను. తర్వాత అదే పేరుతో బ్యాంకు ఖాతా, దానికి ఆధార్ లింకు. ఆదాయం సర్టిఫికెట్ మీసేవలో. మీ నాన్న ఆటో మీద, అమ్మ మగ్గం మీద వచ్చేది ఎంతో అంతే రాయండి.

ట్యూషన్ ఫీజు కాలేజీకి పోతుంది, మెయింటెనెన్స్ డబ్బు నీ ఖాతాలో పడుతుంది. రెండూ ఆలస్యమే, బకాయిలు వేల కోట్లకు పేరుకున్నాయి. ఆ వంకతో కొన్ని ప్రైవేటు కాలేజీలు పిల్లల సర్టిఫికెట్లు ఆపేస్తుంటే నాకు కడుపు మండిపోతుంది. సర్కారు బాకీ పడితే పిల్లకు శిక్షేమిటి? అందుకే డిగ్రీ సీట్లిచ్చే దోస్త్‌లో మొదటి ఆప్షన్ సర్కారుదైన కోఠీ మహిళా కాలేజీ పెట్టు. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరున విశ్వవిద్యాలయం. సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సు జోలికి పోకు, రెగ్యులర్‌లో ఫీజు తక్కువ. చాదర్‌ఘాట్ దాటితే కోఠీయే, సిటీ బస్సులో ఆడపిల్లలకు టికెట్టు డబ్బులూ అక్కర్లేదు. స్కాలర్‌షిప్పు ఆగకుండా హాజరు 75 శాతం కంటే తగ్గనివ్వకు.

డిగ్రీలో 60 శాతం తెచ్చుకుంటే పీజీకి విదేశాలకు వెళ్లడానికి నీలాంటి మైనారిటీ విద్యార్థులకు 2015 నుంచి ఒక పథకం ఉంది, ఇప్పుడు 20 లక్షల దాకా ఇస్తున్నారు. దాని సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

ముందు ఆధార్ సెంటరుకు వెళ్లు. మెమో ఒరిజినల్ చూపించి వెనక్కి తీసుకో, ఎవరు అడిగినా వదిలి రాకు. వాళ్లిచ్చిన రసీదు ఫొటో నాకు వాట్సాప్ చెయ్యి.

ఆశీస్సులతో,
మీ తెలుగు టీచర్