28 థ్రెడ్ల పాత జియానా, 4 కోర్ల కొత్త ఐ3నా?

సాగర్ హైవే మీద తుర్కయంజాల్ దాటి ఇబ్రహీంపట్నం వైపు వెళ్తుంటే ఇంజినీరింగ్ కాలేజీల బోర్డులు వరసగా ఎదురవుతాయి. ఆ కాలేజీల్లో చదివే పిల్లలు చాలామంది తుర్కయంజాల్, ఇంజాపూర్, బీఎన్ రెడ్డి నగర్, వనస్థలిపురం చుట్టుపక్కలే ఉంటారు. సెకండియర్‌కి వచ్చేసరికి ఇంట్లో అడగక తప్పని ఖర్చు ఒకటి మీద పడుతుంది. అది కంప్యూటర్. మంచి ల్యాప్‌టాప్‌కి డబ్బు చాలదు, డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకుందామంటే దాదాపు ఒకే ఖర్చులో రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి ఐ3 లాంటి కొత్త చవక ప్రాసెసర్. రెండోది, ఏదో డేటా సెంటర్లో కొలువు చాలించి సెకండ్‌హ్యాండ్‌లోకి వచ్చిన జియాన్ అనే సర్వర్ ప్రాసెసర్. అమ్మేవాళ్లు దాని గురించి 14 కోర్లు, 28 థ్రెడ్లు, సర్వర్ క్వాలిటీ అని ఊరిస్తారు. ఐ3లో ఉన్నవి 4 కోర్లు. డబ్బులు అవే అయినప్పుడు 14 వదిలేసి 4 ఎందుకు కొనాలి?

నా సలహా ముందే చెప్పేస్తాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం చదువుతున్నవాళ్లలో నూటికి తొంభై మంది ఆ నాలుగు కోర్లదే కొనాలి. మిగతా పదిమంది ఎవరో, వాళ్లకు జియాన్ ఎందుకు పనికొస్తుందో కూడా చెబుతాను. రెండు చిప్‌ల మధ్య తేడా అర్థమైతే కొనుగోలుకు ఎంత పనికొస్తుందో ఇంటర్వ్యూకీ అంతే పనికొస్తుంది.

ఈ రకం పాత సర్వర్ చిప్‌లలో బాగా తిరిగేది ఇంటెల్ జియాన్ ఈ5-2680 వీ4. 2016లో వచ్చింది. అప్పట్లో ఇంటెల్ చెప్పిన ధర 1,745 డాలర్లు. 14 కోర్లు, 28 థ్రెడ్లు, 35 ఎంబీ క్యాష్, మామూలు వేగం 2.4 గిగాహెర్ట్జ్, గరిష్ఠం 3.3. విద్యుత్ లెక్క 120 వాట్లు. అంత ఖరీదైనది ఇప్పుడు ఇంత చవగ్గా ఎలా దొరుకుతోందంటే, పెద్ద డేటా సెంటర్లు ఐదారేళ్లకోసారి సర్వర్లు మార్చేస్తాయి. కరెంటు, స్థలం లెక్కేసుకుంటే పాతవాటిని నడపడం కన్నా కొత్తవి పెట్టుకోవడమే వాళ్లకు లాభం. అలా తీసేసిన చిప్‌లు వేలకు వేలు మార్కెట్‌లోకి వస్తాయి. లోపం ఉండి బయటికి వచ్చినవి కావు, కాలం చెల్లి వచ్చినవి.

ఇటువైపు ఐ3-12100. 2022 జనవరిలో వచ్చింది. 4 కోర్లు, 8 థ్రెడ్లు, 12 ఎంబీ క్యాష్, 3.3 నుంచి 4.3 గిగాహెర్ట్జ్ వేగం, 60 వాట్లు. ఏఎండీ ఇష్టపడేవాళ్లకు దీని సరసన 2021 నాటి రైజెన్ 5 5600జీ ఉంది. దానిలో 6 కోర్లు, 12 థ్రెడ్లు, 65 వాట్లు. ఈ రెంటిలోనూ గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. జియాన్‌లో ఉండదు. తెరమీద బొమ్మ రావాలంటేనే విడిగా కార్డు కొనాలి. సెకండ్‌హ్యాండ్ జియాన్ ధర విని సంబరపడేవాళ్లు మొదట మరిచిపోయేది ఈ ఖర్చే.

ఇక అసలు సంగతి. కోర్ల సంఖ్య ఎక్కువైతే పని అంత వేగంగా అవుతుందా? దీనికి 1967లోనే జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ ఇంజినీరు లెక్క చెప్పాడు. ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠంలో మీరూ చదివే ఉంటారు. ఒక ప్రోగ్రాంలో సగం పనిని కోర్లకు పంచవచ్చు, మిగతా సగం ఒకదాని తర్వాత ఒకటి జరగాల్సిందే అనుకోండి. 4 కోర్లు ఇస్తే ఆ ప్రోగ్రాం 1.6 రెట్లు వేగంగా నడుస్తుంది. 14 కోర్లు ఇస్తే 1.87 రెట్లు. పది కోర్లు అదనంగా పెట్టి సంపాదించింది అంతే! పైగా ఇది రెండు చిప్‌లలోనూ ఒక్కో కోరు సమానమనుకుని వేసిన లెక్క. నిజానికి ఐ3లోని ఒక్క కోరు, ఆ పాత జియాన్‌లోని ఒక్క కోరు కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా వేగంగా పనిచేస్తుంది. ఆరేళ్ల డిజైన్ తేడా అది. వీఎస్ కోడ్ తెరవడం, బ్రౌజర్లో పేజీ లోడవడం, స్ప్రింగ్ బూట్ ప్రాజెక్టు లేవడం, పైథాన్ స్క్రిప్టు నడవడం ఎక్కువగా ఒకటి రెండు కోర్ల మీదే నడిచే పనులు. పెళ్లికి వండే గుండిగలో ఇద్దరికి ఉప్మా చేసినట్టు, 28 థ్రెడ్లలో ఇరవైకి పైగా ఖాళీగా కూర్చుంటాయి.

పనిని పూర్తిగా పంచగలిగినప్పుడు కథ వేరు. ఒకేసారి వందలమంది వాడే డేటాబేస్, పది వర్చువల్ మెషీన్లు, త్రీడీ రెండరింగ్ లాంటివి సర్వర్ చిప్‌కి తగిన పనులు. నాలుగు చానెళ్ల మెమొరీ, 40 పీసీఐ లేన్లు, తప్పు బిట్‌ని తానే సరిదిద్దుకునే ఈసీసీ మెమొరీ పెట్టింది అందుకే. నెలల తరబడి ఆగకుండా ఎందరికో ఒకేసారి సేవ చేయడం దాని ఉద్యోగం. ఒక్కడు కూర్చుని వేగంగా పనిచేసుకోవడం డెస్క్‌టాప్ చిప్ ఉద్యోగం. ఏది గొప్పదన్న ప్రశ్నకు ఇక్కడ అర్థం లేదు.

మీరు వెళ్లదలచిన దారిని బట్టి చూద్దాం. దిల్‌సుఖ్‌నగర్‌లోనో అమీర్‌పేటలోనో జావా ఫుల్‌స్టాక్, పైథాన్, టెస్టింగ్, డేటా అనలిటిక్స్ నేర్చుకునేవాళ్లకు ఐ3, 16 జీబీ మెమొరీ, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఉంటే కోర్సుకూ సరిపోతాయి, ఉద్యోగం వచ్చేదాకానూ సరిపోతాయి. వీడియో ఎడిటింగ్ వైపు వెళ్లేవాళ్లకూ ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్పే మేలు. దాని లోపలి గ్రాఫిక్స్‌లో వీడియోని కుదించే ప్రత్యేక యూనిట్ ఉంటుంది, పాత జియాన్‌లో అది లేదు. మెషీన్ లెర్నింగ్ అనగానే జియాన్ వైపు చూసేవాళ్లున్నారు. ఆ పని నడిచేది గ్రాఫిక్స్ కార్డు మీద. నేర్చుకునే దశలో గూగుల్ కొలాబ్‌లో అది ఉచితంగానే దొరుకుతుంది.

చిప్ డిజైన్ నేర్చుకునే వీఎల్‌ఎస్‌ఐ విద్యార్థులకు ఇంకో మాట. కేడెన్స్, సినాప్సిస్ కంపెనీల టూల్స్ లైసెన్సుతో కాలేజీ సర్వర్ మీదో ఇన్‌స్టిట్యూట్ సర్వర్ మీదో నడుస్తాయి, మీ ఇంట్లోది ఆ సర్వర్‌కి కిటికీ మాత్రమే. ఇంట్లో వెరిలాగ్ సాధన చేయడానికి ఐకారస్ వెరిలాగ్, వెరిలేటర్ చాలు. వాటికి ఐ3 ఎక్కువే.

ఇప్పుడు ఆ పదిమంది సంగతి. నెట్‌వర్కింగ్, లైనక్స్ అడ్మినిస్ట్రేషన్, వర్చువలైజేషన్ వైపు గట్టిగా వెళ్దామనుకునేవాళ్లకు ఇంట్లో పాత జియాన్ ఒక చిన్న ప్రయోగశాల అవుతుంది. వర్చువల్ మెషీన్లు నడిపే ప్రాక్స్‌మాక్స్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. దాన్ని ఎక్కించి, పైన ఎనిమిదో పదో వర్చువల్ మెషీన్లు నడిపి, కావాలని పాడుచేసి, మళ్లీ లేపి చూసినవాడికి ఏ కోచింగ్‌లోనూ దొరకని పట్టు దొరుకుతుంది. నెట్‌వర్క్ ల్యాబ్‌ను కంప్యూటర్లోనే నడిపే ఈవీఈ-ఎన్‌జీలో పెద్ద రౌటర్ ఇమేజ్‌లు పదేసి నడపాలంటే కోర్లు, మెమొరీ రెండూ కావాలి. అయితే ఇది నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్లలో సీసీఎన్‌పీ స్థాయి అవసరం. దానికి ముందుండే సీసీఎన్‌ఏకి ప్యాకెట్ ట్రేసర్ సిమ్యులేటర్ చాలు. రెడ్‌హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షలో జవాబులకు టిక్కులు పెట్టడం ఉండదు, లైనక్స్ మెషీన్ మీద పని చేసి చూపించాలి. ఆ సాధనకు రెండు వర్చువల్ మెషీన్లు సరిపోతాయి, వాటిని 16 జీబీ ఐ3 హాయిగా మోస్తుంది. క్యూబర్నెటీస్ నేర్పే మినీక్యూబ్ అడిగేది 2 కోర్లు, 2 జీబీ ఖాళీ మెమొరీ. కాబట్టి ఈ దారిలో ఉన్నవాళ్లు కూడా మొదటి ఏడాది ఐ3తో గడిపి, అది నిజంగా ఇరుకైనప్పుడు జియాన్ గురించి ఆలోచించడం మంచిది.

గది గురించి, కరెంటు గురించి ఎవరూ చెప్పరు. రెండు కంప్యూటర్ల మధ్య వాడకంలో 100 వాట్ల తేడా ఉందనుకుందాం. గ్రాఫిక్స్ కార్డు కూడా కలిస్తే పని ఒత్తిడిలో అంత తేడా రావడం కష్టమేమీ కాదు. రోజుకు 8 గంటలు నడిపితే నెలకు 24 యూనిట్లు అదనం. అదేం పెద్ద లెక్క అనిపించవచ్చు. కానీ రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వచ్చే ఇంట్లో, మీటరు 185 దగ్గర ఆగే నెలలో ఈ 24 కలిస్తే గీత దాటుతుంది. గీత దాటితే పైన వాడిన తొమ్మిది యూనిట్లకే కాదు, మొత్తం బిల్లు కట్టాలి. కొడుకు కంప్యూటర్ వల్ల ఆ నెల బిల్లు వచ్చిందని నాన్నకు తెలిసిన రోజు ఇంట్లో ఏమవుతుందో మీకే తెలుసు. పై అంతస్తు గదిలో మే నెల మధ్యాహ్నం ఆ అదనపు వేడీ, ఫ్యాన్ మోతా దీనికి తోడు. కరెంటు పోతే గ్రాఫిక్స్ కార్డు లేని ఐ3ని మామూలు 600 వీఏ యూపీఎస్ కాసేపు ఆదుకుంటుంది.

విండోస్ చిక్కూ ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా అంగీకరించే చిప్‌ల జాబితాలో ఆ 2016 జియాన్ లేదు. దొడ్డిదారిన ఎక్కించవచ్చు గానీ, అప్‌డేట్లు సరిగా వస్తాయన్న హామీ ఉండదు. లైనక్స్ మాత్రం ఏ పేచీ లేకుండా నడుస్తుంది.

ఇంత చెప్పినా, సర్వర్ ప్రాసెసర్‌ను మరచిపొమ్మని నేననడం లేదు. మన చుట్టూ ఉద్యోగాలు పెరుగుతున్నది ఆ వైపే. అమెజాన్ 2022 నవంబరులో తన హైదరాబాద్ క్లౌడ్ రీజియన్‌ను ప్రారంభించింది. దాని డేటా సెంటర్లు రంగారెడ్డి జిల్లాలోనే చందనవెల్లి, ఫ్యాబ్ సిటీ, ఫార్మా సిటీ ప్రాంతాల్లో ఉన్నాయి. ఫ్యాబ్ సిటీ తుర్కయంజాల్ నుంచి పెద్ద దూరం కాదు. 2030 నాటికి రాష్ట్రంలో రూ.36,300 కోట్ల పెట్టుబడి పెడతామని ఆ సంస్థ 2023లో ప్రకటించింది. ఇంటెల్‌కీ ఏఎండీకీ హైదరాబాద్‌లో డిజైన్ బృందాలున్నాయి. డేటా సెంటర్లలో ఇవాళ నడిచే చిప్‌ల స్థాయి వేరు. ఏఎండీ 2024 అక్టోబరులో విడుదల చేసిన ఎపిక్ 9965లో 192 కోర్లు, 384 థ్రెడ్లు ఉన్నాయి. 500 వాట్లు తాగుతుంది. విడుదల నాటి ధర 14,813 డాలర్లు. దాన్ని ఎవరూ ఇంటికి తెచ్చుకోరు, గంటల లెక్కన అద్దెకు తీసుకుంటారు. మీరూ అదే చేయాలి. గిట్‌హబ్ కోడ్‌స్పేసెస్‌లో వ్యక్తిగత ఖాతాకు నెలకు 120 కోర్-గంటలు ఉచితం. అక్కడ టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌సీపీయూ అని కొట్టండి. మీ ప్రోగ్రాం ఏ చిప్ మీద నడుస్తోందో తెలుస్తుంది, ఎక్కువగా అది మీరు కొనలేని సర్వర్ చిప్పే అయి ఉంటుంది.

క్లౌడ్ ఇంటర్వ్యూలకు పనికొచ్చే ప్రశ్న ఒకటి చెబుతాను. క్లౌడ్‌లో ప్రాసెసర్‌ను అద్దెకిచ్చే లెక్క వీసీపీయూ. ఒక వీసీపీయూ అంటే పూర్తి కోరా? అమెజాన్‌లో ఇంటెల్ చిప్ మీద సాధారణంగా ఒక వీసీపీయూ అంటే ఒక థ్రెడ్, అంటే కోరులో సగం వాటా. అదే అమెజాన్ సొంత గ్రావిటాన్ చిప్ మీద ఒక వీసీపీయూ అంటే నిజంగా ఒక కోరు. ఈ ఒక్క తేడా వివరించగలిగితే ఎదుటివాళ్లు మీ రెజ్యూమేని మరోసారి చూస్తారు. దీనికి ఇంట్లో జియాన్ అక్కర్లేదు.

కొనేటప్పుడు జాగ్రత్తలు కొన్ని. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి ప్యారడైజ్‌లో దిగితే కంప్యూటర్ షాపులుండే సీటీసీ దగ్గరే. రెండు మూడు షాపుల్లో కొటేషన్ రాయించుకోండి. ఐ3 పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే గ్రాఫిక్స్ లేనిదని గుర్తు. నాలుగు డబ్బులు తగ్గాయని తీసుకుంటే కార్డు కోసం మళ్లీ తిరగాలి. సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ డీడీఆర్4 మెమొరీ చూడటానికి మామూలుదానిలాగే ఉంటుంది, స్లాట్‌లోకి కూడా వెళ్తుంది, కానీ మామూలు బోర్డు మీద పనిచేయదు. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల కొనుగోళ్ల వల్ల మెమొరీ ధరలు బాగా పెరిగాయి కాబట్టి, చవక అంటూ అంటగట్టే ఇలాంటి సర్వర్ మెమొరీతో జాగ్రత్త. పాత జియాన్ కొనక తప్పనివాళ్లు అది అమ్మకానికి కాని పరీక్షా నమూనా, అంటే ఇంజినీరింగ్ శాంపిల్ చిప్ కాదని చూసుకోండి, షాపులోనే అరగంట లోడు పెట్టి నడిపించమనండి. కొత్త బాక్స్ ప్రాసెసర్‌కి మూడేళ్ల వారంటీ ఉంటుంది, బిల్లు దాచుకోండి. మిగిలిన డబ్బులో వెబ్‌క్యామ్, మైకు తప్పక కొనండి. చాలా కంపెనీల ఆన్‌లైన్ పరీక్షలు అవి లేకుండా మొదలే కావు.

డబ్బు చెల్లించే ముందు ఒక పని చేయండి. కాలేజీ ల్యాబ్‌లోనో స్నేహితుడి కంప్యూటర్లోనో మీరు రోజూ చేసే పనిని తెరిచి, పక్కన టాస్క్ మేనేజర్ పెట్టుకుని కోర్ల గ్రాఫులు గంటసేపు గమనించండి. అన్ని గ్రాఫులూ పైకి తగులుతూ ఉంటే జియాన్ గురించి ఆలోచించండి. ఒకటో రెండో మాత్రమే లేచి మిగతావి నేలమీదే ఉంటే ఐ3 తీసుకోండి.