రోడ్డు అందరిది: మోటారు సైకిలు ప్రయాణములో మెలకువలు

ఒకప్పుడు మన గ్రామములలో సైకిలు గల ఇల్లే అరుదు. నేడు మోటారు సైకిలు లేని వీధి కానరాదు. పొలమునకు పోవుటకు, పాలు కేంద్రమునకు చేర్చుటకు, పిల్లలను బడిలో దింపుటకు, రోగిని ఆసుపత్రికి కొనిపోవుటకు ఇదియే సాధనమైనది. ఇంతటి ఉపకారియైన వాహనమే అజాగ్రత్త వలన ఎన్నో కుటుంబములను దుఃఖమున ముంచుచున్నది. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ ప్రకటించిన లెక్కల ప్రకారము 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములపై పోవుచున్నవారే. ఈ మరణములలో పెక్కు నివారింపదగినవి.

కారులో కూర్చున్నవానికి చుట్టును ఇనుప కవచము గలదు. మోటారు సైకిలుపై నున్నవానికి ఒంటిమీది బట్టలే కవచము. కావున ఇతరులకు స్పష్టముగ కనబడుట అతనికి మొదటి రక్షణ. ఇతరులు ఏమి చేయబోవుదురో ముందుగా ఊహించుట రెండవ రక్షణ.

లారీ డ్రైవరు ఎత్తున కూర్చుండును గనుక అతనికి అంతయు కనిపించునని పలువురు తలంతురు. అది పొరపాటు. లారీకి ముందు సమీపమునను, వెనుకను, ఎడమ ప్రక్కను అతని చూపునకు అందని చోటులు గలవు. లారీ అద్దములో డ్రైవరు ముఖము మనకు కనబడకున్నచో, మనమును అతనికి కనబడుట లేదని గ్రహింపవలెను. ఎడమకు తిరుగుచున్న లారీకిని, రోడ్డు అంచునకును నడుమ ఎన్నడును దూరరాదు. మలుపునందు దాని వెనుక చక్రములు ముందు చక్రముల జాడను విడిచి లోపలికి జరుగును.

ఇక వేగమును గూర్చి ఆలోచింతము. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు పోవును. గేదె అడ్డము వచ్చినదని గ్రహించి బ్రేకు నొక్కుటకు ఒక సెకను పట్టినచో, బ్రేకు పనిచేయకముందే అంత దూరము గడచిపోవును. వేగము రెండింతలైనచో, బ్రేకు వేసిన పిదప బండి ఆగుటకు పట్టు దూరము నాలుగింతలగును. ఇసుకయు, తడియు ఉన్నచోట అది ఇంకను హెచ్చును.

జాగ్రత్త వాహనము నడుపువానికి మాత్రమే కాదు, రోడ్డును వాడుకొను వారందరికిని అవసరము. నూర్పిడి కాలములో రోడ్డు సగభాగము ధాన్యముతో నిండియుండుట మేము పలు గ్రామములలో చూచుచున్నాము. కల్లము చాలక, వాన భయముతో రైతు ఇట్లు చేయుచున్నాడు. అతని ఇబ్బందిని మేము ఎరుగుదుము. కాని ధాన్యము చుట్టును పేర్చిన రాళ్లు, పైని కప్పిన నల్లని పట్టాలు రాత్రివేళ కంటికి ఆనవు. వానికి తగిలి పడువాడు పరాయివాడే కానక్కరలేదు. ప్రొద్దుపోయి ఇల్లు చేరుచున్న మన కుమారుడే కావచ్చును. గ్రామ పంచాయతీవారు ఉమ్మడి స్థలమును చదును చేయించి కల్లముగా ఏర్పరచినచో, ధాన్యమును మనుష్యులును క్షేమముగా ఉందురు. అంతవరకు రాళ్లనైనను చీకటి పడకముందే తొలగింపవలెను. ట్రాక్టరు ట్రక్కునకును, ఎడ్లబండికిని వెనుక ఎర్రని రిఫ్లెక్టరు బిళ్లలు అంటించుటకు అగు వ్యయము స్వల్పము. దాని వలన కలుగు మేలు అధికము. ఎదుటివారి కన్నులు మిరుమిట్లు గొనకుండ దీపకాంతిని క్రిందికి దింపుట అందరి ధర్మము.

1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము మోటారు సైకిలుపై వెనుక ఒక్కరికంటె ఎక్కువ మందిని ఎక్కించుకొనరాదు. నడుపువారును, వెనుక కూర్చున్నవారును హెల్మెట్టు ధరింపవలెను. నాలుగేండ్లు దాటిన పిల్లలకును ఇది వర్తించును. “ఊరిలోపలనే గదా!” యని కొందరు దానిని ఇంటివద్ద విడిచిపోవుదురు. 2022లో హెల్మెట్టు ధరింపక మరణించినవారు 50,029 మంది. ఐ.ఎస్.ఐ. ముద్ర గల హెల్మెట్టును కొని, గడ్డము క్రింద పట్టీ బిగించినప్పుడే అది రక్షించును. హ్యాండిలుకు తగిలించిన హెల్మెట్టు తలను కాపాడదు.

ప్రమాదము జరిగినచో చూచి తొలగిపోరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను. గాయపడినవారికి సద్బుద్ధితో సాయపడినవారికి 2019లో సవరించిన చట్టము రక్షణ కల్పించినది. వారి పేరు చెప్పుమని ఎవరును బలవంతపెట్టరాదు. కావున సంకోచము వలదు.

రోడ్డు ఒక్కరి సొత్తు కాదు. లారీ, బస్సు, బండి, పాదచారి, పశువు అందరును దానిపై సాగవలసినవారే. ఒక నిమిషము ఆలస్యమైనను ఎదుటివానికి దారి ఇచ్చువాడు తనకును దారి చేసికొన్నవాడగును. ప్రతి ఇంటను వాకిట ఎదురుచూచువారు ఉందురని మరువక, మెల్లగా పోయి క్షేమముగా చేరుదము.