దించిన కారుకి టైరు లెక్క

మన క్యాంపస్ పార్కింగ్‌లో కార్ల మాట రాగానే రెండు ప్రశ్నలు వినబడతాయి. ఎంత దించావు? రిమ్ము ఎన్ని ఇంచులు? టైరు సైజు ఎంత అని అడిగేవాళ్లు తక్కువ. అసలు ఆ రెండిటి మధ్య పంచాయితీ తీర్చాల్సింది టైరే. మెకానికల్ మూడో సంవత్సరంలో ఉన్నవాడిగా ఈ లెక్కని మన భాషలో ఒకచోట పెట్టాలని చాన్నాళ్లుగా అనుకుంటున్నాను. కూడిక, గుణకారం వస్తే చాలు, ఎవరైనా చేసుకోవచ్చు.

ఉదాహరణకి 2018 మోడల్ మారుతి స్విఫ్ట్ తీసుకుందాం. మా బ్యాచ్‌లో ఒకడు ఈ బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. పాత ఓనరు పొట్టి స్ప్రింగులు వేయించి దాన్ని 40 మిల్లీమీటర్లు దించేశాడు. ఇప్పుడు మావాడికి 17 ఇంచుల అలాయ్‌లు కావాలి. సంక్రాంతికి నలుగురం ఆ కారులోనే ఊళ్లకి వెళ్లాలని ప్లాను. ఆ నలుగురిలో నేనూ ఉన్నాను కాబట్టి ఈ లెక్క నాకు ఇంటర్నల్స్ కంటే ముఖ్యం.

టైరు మీద రాత

టైరు పక్కగోడ మీద 185/65 ఆర్15 88హెచ్ అని ఉందనుకోండి. 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 మాత్రం మిల్లీమీటర్లు కాదు, శాతం. పక్కగోడ ఎత్తు వెడల్పులో 65 శాతం అని అర్థం. ఆర్ అంటే రేడియల్. 15 అంటే రిమ్ము వ్యాసం, ఇంచుల్లో. 88 బరువుకి సంబంధించిన కోడు: ఒక్కో టైరు 560 కిలోల దాకా మోస్తుంది. హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల వేగం దాకా పనికొస్తుందని.

దీన్నిబట్టి చక్రం మొత్తం వ్యాసం కడదాం. పక్కగోడ ఎత్తు 185 × 0.65 = 120.25 మి.మీ. పైన ఒకటి, కింద ఒకటి కాబట్టి రెండింతలు, 240.5. రిమ్ము 15 × 25.4 = 381. రెండూ కలిపితే 621.5 మి.మీ. ఈ అంకెని గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

రిమ్ము పెరిగితే పక్కగోడ తగ్గాలి

అదే స్విఫ్ట్‌లో కింది వేరియంట్లకి 165/80 ఆర్14 టైర్లు వచ్చేవి, పై వేరియంట్లకి 185/65 ఆర్15. మొదటిదాని వ్యాసం కట్టి చూడండి: 619.6 వస్తుంది. రిమ్ము ఒక ఇంచు పెరిగినా మొత్తం వ్యాసంలో తేడా 2 మిల్లీమీటర్లు కూడా లేదు. పెరిగినంత మేర పక్కగోడలో కోసేశారు. మనం అలాయ్ మార్చినా పాటించాల్సిన సూత్రం ఇదే.

ఇప్పుడు షాపులో చూపించే కొన్ని సైజులు ఇదే లెక్కలో పెడదాం.

195/55 ఆర్16: 620.9 మి.మీ., తేడా 0.1 శాతం తక్కువ.
205/45 ఆర్17: 616.3 మి.మీ., 0.8 శాతం తక్కువ.
205/60 ఆర్16: 652.4 మి.మీ., 5 శాతం ఎక్కువ.
195/50 ఆర్15: 576 మి.మీ., 7.3 శాతం తక్కువ.

స్పీడోమీటర్‌కి రోడ్డు కనపడదు, చక్రం ఎన్నిసార్లు తిరిగిందో అదే తెలుసు. 205/60 ఆర్16 వేస్తే, పాత టైరుతో సరిగ్గా 100 చూపించే మీటరు 105లో వెళ్తున్నప్పుడు కూడా 100 అనే అంటుంది. అందుకే తేడా 3 శాతం దాటకూడదని మామూలుగా చెప్పే మాట. ఇది కంపెనీ ఎత్తులో ఉన్న బండికి సరిపోతుంది. దించిన బండికి మాత్రం ఇంకా గట్టిగా ఉండాలంటాను. ఎందుకో చూడండి.

దించాక మిగిలే చోటు

బండిని 40 మి.మీ. దించితే రెండు చోట్ల ఖాళీ తగ్గుతుంది. అడుగుకీ రోడ్డుకీ మధ్య ఒకటి, టైరుకీ పైనున్న ఫెండర్‌కీ మధ్య ఇంకొకటి. టైరు వ్యాసం పెరిగితే పై ఖాళీలో కోత పడుతుంది. తగ్గితే కింది ఖాళీలో పడుతుంది. అంటే ఎటు జరిగినా నష్టమే. 3 శాతం అంటే మన టైరుకి వ్యాసంలో దాదాపు 19, సగం చేస్తే 9 మి.మీ. పైచిలుకు. మామూలు బండికి అదో లెక్క కాదు. ఇప్పటికే 40 ఖర్చు పెట్టేసిన బండికి అది పెద్ద మొత్తమే. అందుకే దించిన కారుకి తేడా 1 శాతం లోపలే ఉంచమని నా సలహా.

కింది ఖాళీ సంగతి స్పీడ్ బ్రేకర్ దగ్గర తెలుస్తుంది. ఈ స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మి.మీ., దించాక 123. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన పద్ధతిలో కట్టిన హంపు 3.7 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. బండి ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2,450 మి.మీ. కాబట్టి నాలుగు చక్రాలూ ఒకేసారి హంపు మీదే ఉంటాయి, అడుగుకి పోయేది 44 మి.మీ. మాత్రమే. దించిన బండికి కూడా ఇంకా 79 మిగులుతుంది. చిక్కంతా కాలనీవాళ్లు పోసుకున్న సన్నటి దిమ్మలతోనే. అదే 10 సెంటీమీటర్ల ఎత్తున్న సన్న దిమ్మ ముందు, వెనక చక్రాల మధ్యకి వస్తే మొత్తం 100 పోతుంది. మామూలు స్విఫ్ట్‌కి 63 మిగులుతుంది, దించినదానికి 23. అదీ ఖాళీ బండికి. నలుగురూ ఎక్కి డిక్కీలో బ్యాగులు పడితే ఇంకా కిందికి కూర్చుంటుంది. దీనికి తోడు లుక్కు కోసం 195/50 ఆర్15 వేశారనుకోండి, వ్యాసంలో తగ్గిన 45.5లో సగం, అంటే 22.7 మి.మీ. కూడా పోతుంది. మిగిలేది దాదాపు సున్నా.

వెడల్పు, ఆఫ్‌సెట్

పై ఖాళీ సంగతి చూడాలంటే రిమ్ము వెనక ఈటీ అని చెక్కి ఉండే అంకె కావాలి. రిమ్ము వెడల్పు మధ్యగీత నుంచి హబ్బుకి ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటివైపు ఉందో అది చెబుతుంది. ఈటీ తగ్గేకొద్దీ చక్రం బయటికి వస్తుంది. సులువైన లెక్క ఇది: టైరు వెడల్పులో సగం నుంచి ఈటీ తీసేస్తే బయటివైపు ఎంత ఉందో వస్తుంది, కలిపితే లోపలివైపు ఎంతో వస్తుంది.

పాత టైరు 185, ఈటీ 45 అనుకుందాం. బయటికి 47.5, లోపలికి 137.5. కొత్తది 205 టైరు, ఈటీ 35 రిమ్ము అయితే బయటికి 67.5, లోపలికి అదే 137.5. అంటే టైరు 20 మి.మీ. బయటికి వచ్చింది. మామూలు ఎత్తులో ఫెండర్ పైన ఎక్కడో ఉండేది, ఇప్పుడు 40 కిందికి దిగి ఈ టైరు భుజం మీదే కూర్చుంటుంది. గుంతలో చక్రం పైకి లేచిన ప్రతిసారీ ఫెండర్ అంచు టైరుని గీస్తుంది. పక్కగోడకి ఆ గీత లోతుగా పడితే టైరు పగిలేది నెమ్మదిగా వెళ్తున్నప్పుడే అని గ్యారంటీ లేదు.

దీన్ని తప్పించడానికి కొందరు వెడల్పు రిమ్ముకి సన్న టైరు సాగదీసి ఎక్కిస్తారు. 185/65 ఆర్15కి సరిపడే రిమ్ము వెడల్పు 5 నుంచి 6.5 ఇంచులు. 7 ఇంచుల రిమ్ముకి ఎక్కిస్తే గాలి కాస్త తగ్గినా, గుంత తగిలినా టైరు అంచు రిమ్ము నుంచి జారిపోయే ప్రమాదం ఉంది. చూడ్డానికి బాగున్నా ఆ పని వద్దు.

బరువు మర్చిపోవద్దు

205/45 ఆర్17 వ్యాసం లెక్కలో పాసయింది. కానీ పక్కగోడ 120 నుంచి 92 మి.మీ.కి పడిపోయింది. దించిన బండిలో స్ప్రింగుకి కదిలే చోటు ముందే తక్కువ. ఇప్పుడు గుంత దెబ్బని మింగే రబ్బరు కూడా తగ్గింది, ఇక దెబ్బ రిమ్ముకే. పైగా ఈ సైజు మామూలు రకంలో కోడు 84, అంటే 500 కిలోలు. ఒక్కో టైరుకి 60 కిలోలు తగ్గినట్టు. ఎక్స్‌ఎల్ రకంలో 88 దొరుకుతుంది, అది చూసి తీసుకోవాలి. ఎక్స్‌ఎల్ టైరు ఆ బరువు మోయాలంటే గాలి కూడా ఎక్కువ పట్టించాలి. కంపెనీ ఇచ్చిన కోడు కంటే తక్కువదానికి ఎప్పుడూ దిగొద్దు.

ఇవన్నీ కలిపి మావాడికి నేను చెప్పింది ఇది: ఈ స్ప్రింగులు ఉన్నన్నాళ్లూ 17 వద్దు. పాత ఈటీతోనే 15 ఇంచుల అలాయ్, పాత సైజు టైరు అన్నిటికంటే మంచిది. మనసు ఒప్పుకోకపోతే 16 ఇంచులు, 6 ఇంచుల వెడల్పు రిమ్ము, 195/55 టైరు, 91 కోడున్న ఎక్స్‌ఎల్ రకం. ఈటీ మార్చకపోతే రెండువైపులా 5 మి.మీ. చొప్పునే పెరుగుతుంది.

ఏది వేసినా షాపు దాటకముందే నలుగురిని ఎక్కించి, స్టీరింగు రెండువైపులా చివరిదాకా తిప్పి, టైరు ఎక్కడైనా తగులుతుందేమో చూడండి. దించిన బండికి చక్రాలు పైభాగంలో లోపలికి వాలతాయి కాబట్టి అలైన్‌మెంట్ తప్పనిసరి, లేకపోతే టైరు లోపలి అంచు ముందే అరిగిపోతుంది. ఇంకో మాట. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటోంది, 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా అదే చెప్పింది. కాబట్టి డబ్బు కట్టేముందు ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర కనుక్కోండి. ఆ తర్వాత రిమ్ము వెడల్పు, ఈటీ, టైరు సైజు, బరువు కోడు నాలుగూ కాగితం మీద రాసుకుని షాపుకి వెళ్లండి. అలాయ్ డిజైన్ ఎంచుకోవడం అక్కడికెళ్లాక చేసుకోవచ్చు.