వసంతంలో పూలు ఎక్కడ వెతకాలి?

బాలలూ! వసంతకాలం అనగానే మీ మనసులో ఏ బొమ్మ మెదులుతుంది? మెత్తని పచ్చిక, దాని నిండా చుక్కల్లాగా ఎరుపు, పసుపు, నీలం రంగుల చిట్టిపూలు, వాటిమీద ఎగిరే సీతాకోకచిలుకలు - అంతే కదూ? కథల పుస్తకాల్లోనూ, క్యాలెండర్లమీదా వసంతాన్ని ఇలాగే వేస్తారు. ఈ బొమ్మను మనసులో పెట్టుకుని, ఫాల్గుణ మాసంలో ఒక ఆదివారం బోధన్ చుట్టుపక్కల పొలాల్లోకి వెళ్ళి చూడండి. నల్లరేగడి నేల నెర్రెలు విచ్చి ఉంటుంది. చెరకు కొట్టేసిన మళ్ళలో ఎండుటాకు తప్ప ఏమీ ఉండదు. గట్లమీది గడ్డి కూడా ఎండిపోయి ఉంటుంది. ఇదేం వసంతం, అసలు మన ఊరికి వచ్చిందా లేదా అని మీకు అనుమానం వస్తుంది.

వచ్చింది. మీరు నేలచూపులు చూస్తున్నారు, అందుకే కనిపించలేదు. తల పైకెత్తండి!

క్యాలెండరు బొమ్మలోని వసంతం చలిదేశాలది. అక్కడ చలికాలమంతా నేల మంచుకింద ఉంటుంది. మంచు కరిగేసరికి మట్టి నిండా తడి. అడవిలో పెద్దచెట్లు ఇంకా చిగుర్చవు కాబట్టి ఎండ సూటిగా నేలమీద పడుతుంది. ఆ కొద్దిరోజుల్లోనే చిన్నమొక్కలు గబగబా పూసి, పని ముగించుకుంటాయి. మన సంగతి వేరు. మనకు వానలు కురిసేది జూన్ నుంచి అక్టోబరు వరకు. అందుచేత మన చిన్నమొక్కల పండుగ వానల చివర వస్తుంది. బతుకమ్మ రోజుల్లో చేను గట్లమీద గునుగు, బీళ్ళలో తంగేడు ఎంత విరగబూస్తాయో మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. క్యాలెండరులోని పూలపచ్చిక మనకు కనిపించేది అప్పుడే.

ఫాల్గుణం వచ్చేసరికి పైమట్టిలో తడి ఆరిపోతుంది. ఒక్క ఏడాది బతికే మొక్కలు చాలావరకు కాయలు కాసి, ఎండి, విత్తనాల రూపంలో మట్టిలో నిద్రపోతూ ఉంటాయి. చెట్ల వేర్లు మాత్రం లోతుగా దిగి ఉంటాయి. కింది పొరల్లో మిగిలిన తేమ వాటికి అందుతుంది. ఆకుల ద్వారా నీరు ఆవిరైపోకుండా ముందే ఆకులు రాల్చుకుంటాయి. అలా పొదుపు చేసుకున్న నీటితో పూస్తాయి. ఆకు లేని కొమ్మమీద పువ్వు ఎంత దూరానికైనా కనిపిస్తుంది. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. మార్చిలో పూస్తే మే నాటికి కాయ ముదురుతుంది. వేసవి గాలికి విత్తనం ఎగిరిపోయి ఎక్కడో పడుతుంది. అప్పటికి తొలకరి వస్తుంది. మొలకెత్తడానికి అంతకన్న మంచి సమయం ఏముంది?

అన్ని చెట్లూ ఇలాగే చేస్తాయని అనుకోకండి. మన జిల్లా అడవుల్లో ఉండే టేకు వానాకాలంలో పూస్తుంది. ప్రకృతిలో ఏ సూత్రం చెప్పినా దాన్ని కాదనే చెట్టు ఒకటి పక్కనే నిలబడి ఉంటుంది.

ఇక బయలుదేరుదాం. నిజామాబాదు నుంచి బోధన్‌కు సుమారు 25 కిలోమీటర్లు. బస్సులో కిటికీ పక్కన కూర్చోండి. జానకంపేట, ఎడపల్లి దాటుతుంటే పొలాల గట్లమీద, బీళ్ళలో నిప్పు అంటుకున్నట్టు కనిపించే చెట్లు వస్తాయి. అవే మోదుగలు. మన వైపు మోతుకు అని కూడా అంటారు. విస్తళ్ళు కుట్టే ఆకు దీనిదే. ఒక్కో కాడకు మూడేసి ఆకులుంటాయి. కానీ ఇప్పుడు ఆ ఆకులు కనిపించవు. నల్లని మఖమల్‌లాంటి మొగ్గలు, నారింజ ఎరుపు పూలు మాత్రమే ఉంటాయి.

కింద రాలిన పువ్వు ఒకటి తీసుకోండి. చెట్టునుంచి కోయవద్దు, రాలినవి కావలసినన్ని దొరుకుతాయి. చిలుకముక్కులాగా వంగి ఉంది కదా? సంస్కృతంలో దీన్ని కింశుకం అంటారు. 'ఇదేమన్నా చిలుకా?' అని అర్థం చెబుతారు. పువ్వును మెల్లగా విప్పండి. ఆకర్షక పత్రాలు అయిదు. వెనక్కు విచ్చుకున్న పెద్దది ధ్వజం. పక్కలనున్న రెండూ బాహువులు. ముక్కులాగా వంగి కలిసి ఉన్న రెండూ ద్రోణులు. ద్రోణి లోపల పది కేసరాలు దాక్కుని ఉంటాయి. తొమ్మిది ఒక కట్టగా అతుక్కుని ఉంటే పదోది విడిగా ఉంటుంది. ఇంటికి వెళ్ళాక పెరట్లోని చిక్కుడు పువ్వునూ ఇలాగే విప్పి చూడండి. అదే ధ్వజం, అవే బాహువులు, అవే పది కేసరాలు! కొలతలో తేడా, అంతే. పందిరికి పాకే చిక్కుడుతీగా, పొలంలోని మోదుగచెట్టూ ఒకే కుటుంబంవి.

ఇప్పుడు పువ్వును వాసన చూడండి. ఏమీ లేదు కదూ! మల్లెకు అంత వాసన ఉంటే ఇంత పెద్ద పువ్వుకు ఎందుకు లేదు? మోదుగ పిలిచే అతిథులు వాసన పట్టి వచ్చేవారు కారు, రంగు చూసి వచ్చేవారు. తేనెటీగలకు ఎరుపు సరిగా కనిపించదు. పక్షులకు బాగా కనిపిస్తుంది. నల్లగా నిగనిగలాడే తేనెపిట్ట సన్నని వంపు ముక్కుతో మకరందం తాగుతున్నప్పుడు ద్రోణి పక్కకు జరిగి, లోపలి కేసరాలూ కీలాగ్రమూ బయటికి వచ్చి పిట్ట ఒంటికి తగులుతాయి. అంటుకున్న పుప్పొడితో పిట్ట ఇంకో చెట్టుకు వెళుతుంది. గోరువంకలు వస్తాయి, ఉడతలూ వస్తాయి. రామచిలుకలైతే పువ్వునే కొరికి పారేస్తాయి. ఇరవై నిమిషాలు చెట్టుకింద కదలకుండా కూర్చుంటే ఎవరు తాగి మేలుచేస్తున్నారో, ఎవరు దోచుకుపోతున్నారో మీరే పట్టుకోగలరు.

రాలిన పూలను నీళ్ళలో మరిగించి వడగడితే చక్కని పసుపు నారింజ రంగు వస్తుంది. కాముని పున్నమికి చల్లుకునే పాతకాలపు రంగు ఇదే. ఆ నీటిని రెండు గ్లాసుల్లో పోసి, ఒకదానిలో రెండు చుక్కలు సున్నపు తేట వేసి చూడండి. రంగు ముదురుతుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడటం మీకు తెలిసిందే. నిజామాబాదు పసుపుకు పేరుపడ్డ ఊరు కాబట్టి రెండూ పక్కపక్కన చేసి పోల్చుకోండి. సున్నం కలిపిన నీటిని మాత్రం ఎవరిమీదా చల్లకండి, కళ్ళకు ప్రమాదం.

ఈ మోదుగకు మన గోదావరి చివర్లో ఒక ముచ్చట ఉంది. 1780లలో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు సామర్లకోటలో పనిచేశాడు. చుట్టుపక్కల మొక్కలను భారతీయ చిత్రకారులచేత బొమ్మలు వేయించి, ప్రజలు పిలిచే తెలుగు పేర్లను కూడా రాసుకున్నాడు. ఆ బొమ్మలతో 'కోరమాండల్ తీరపు మొక్కలు' అనే పుస్తకం 1795లో లండనులో వెలువడటం మొదలైంది. మొదటి సంపుటంలోనే మోదుగ ఉంది.

మోదుగ తరువాత బూరుగు. దీన్ని దూరంనుంచి చూసి మోదుగ అని పొరబడేవారు చాలామంది. గుర్తు సులభం. మోదుగ వంకరటింకరగా, పొట్టిగా ఉంటుంది. బూరుగు నిటారుగా పెరిగి, కొమ్మలను గొడుగు పుల్లల్లాగా చాపుతుంది. లేత మానుమీద ముళ్ళుంటాయి. పువ్వు గిన్నెలాగా ఉంటుంది, అయిదు దళసరి ఎర్రరేకులు, నడుమ బోలెడు కేసరాలు. ఈ గిన్నెలో తాగడానికి సన్నముక్కు అక్కరలేదు, అందుకని కాకులూ దిగుతాయి. పువ్వు మొత్తంగా 'దబ్'మని రాలుతుంది. దిండ్లలో నింపే దూది వేసవిలో దీని కాయలు పగిలినప్పుడు వస్తుంది.

రాళ్ళగుట్టలు కనిపిస్తే కొండగోగు కోసం చూడండి. మోడులాంటి కొమ్మల చివర అరచేయంత పచ్చని పూలుంటాయి. ఈ పువ్వుది వింత పద్ధతి. ఇందులో మకరందం లేదు, ఉన్నది పుప్పొడి ఒక్కటే. అదీ కేసరాల చివర సన్నని రంధ్రాల్లో, మూతపెట్టిన ఉప్పుడబ్బాలో లాగా ఉంటుంది. నల్లతుమ్మెద పువ్వును పట్టుకుని ఒళ్ళంతా జుమ్మని అదిరిస్తుంది. ఆ అదురుకు పుప్పొడి జలజలా రాలుతుంది. తేనెటీగకు ఈ విద్య రాదు. గుట్ట ఎక్కలేనివారు వంగతోటలోనే ఈ తమాషా చూడవచ్చు. వంగపువ్వు కేసరాలకూ చివర రంధ్రాలే ఉంటాయి.

కానుగ, వేప మీ వీధిలోనే ఉంటాయి. ఇప్ప మాత్రం ఊరిబయట అడవి అంచున ఉంటుంది. తెల్లవారకముందు వెళితేనే దాని రాలిన తియ్యని పూలు దొరుకుతాయి. దాని అతిథులు రాత్రి వచ్చే గబ్బిలాలు.

ఇంతకూ నేలమీద ఏమీ లేవా? ఉన్నాయి, నీరున్నచోట. మంజీరకు అడ్డంగా 1923 నుంచి 1931 వరకు కట్టిన నిజాంసాగర్ ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉంది. దాని కాలువల నీటితోనే బోధన్ చెరకుసీమ అయింది. 1937లో పెట్టిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడినా, కాలువలున్నాయి. కాలువ గట్టుమీద ఎండల్లోనూ తడి ఉంటుంది కనుక అక్కడ గడ్డిచేమంతి, బలురక్కసి, లొట్టపీసు, వయ్యారిభామ పూస్తూ ఉంటాయి. వీటి చిరునామా అడిగితే ఆశ్చర్యపోతారు. ఈ నాలుగూ అమెరికా ఖండాలనుంచి వచ్చినవే! వయ్యారిభామను చేత్తో తాకవద్దు, దురదలు వస్తాయి. బలురక్కసి పసుపు పువ్వు అందంగా ఉంటుంది గానీ, ఆవాలను పోలిన దాని గింజలు విషం. ఆవనూనెలో ఆ నూనె కలవడంవల్ల 1998లో ఢిల్లీలో చాలామంది జబ్బుపడ్డారు, కొందరు చనిపోయారు.

మంజీర గోదావరిలో కలిసే కందకుర్తి దాకా వెళ్ళగలిగితే ఇసుకమీద పరుచుకున్న నేలములక కోసం వెతకండి. ఒళ్ళంతా ముళ్ళు, ఊదారంగు పూలు. ఇది వంకాయకు దగ్గర చుట్టం. ఏటి ఒడ్డున ఎండిపోయిన రెల్లు దుబ్బులు కూడా ఉంటాయి. దాని తెల్లని పూత శరత్కాలంలో వచ్చి పోయింది. ఎవరికీ పనికిరాని గడ్డి అని దాన్ని దాటిపోకండి. కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రంలో బార్బర్, వెంకట్రామన్ అనే శాస్త్రజ్ఞులు తీపి చెరకును ఈ జాతి అడవిరెల్లుతోనే సంకరం చేశారు. అలా వచ్చిన కో 205 రకం 1918లో రైతులకు అందింది. రెల్లు మొండితనం చెరకుకు వచ్చింది. తరువాత వచ్చిన ఎన్నో కో రకాల చెరకులో రెల్లు రక్తం ఉంది.

చూసినది రాసుకోకపోతే రెండేళ్ళకు మరిచిపోతాం. జపానులోని క్యోటో నగరంలో చెర్రీచెట్లు ఎప్పుడు పూశాయో తెలిపే వివరాలు పాత దినచర్యల్లో 812వ సంవత్సరం నుంచి దొరుకుతున్నాయి. అందుకే 2021లో మార్చి 26న చెట్లు నిండుగా పూసినప్పుడు, 1200 ఏళ్ళలో ఇంత తొందరగా ఎప్పుడూ పూయలేదని అక్కడివారు ఖచ్చితంగా చెప్పగలిగారు. భూమి వేడెక్కుతున్నదనడానికి అదొక సాక్ష్యం అయింది. మోదుగ ఎప్పుడు పూస్తుందని మీ తాతగారిని అడగండి. 'శివరాత్రి దాటగానే' అనో, 'కాముని పున్నమికి' అనో చెబుతారు. అబద్ధం కాదు. అయితే ఆ పున్నమి 2024లో మార్చి 25న వచ్చింది, 2025లో మార్చి 14న, 2026లో మార్చి 3న. చంద్రుణ్ణి బట్టి వచ్చే పండుగ ఇలా ముందుకూ వెనక్కూ జరుగుతుంది. చెట్టు సూర్యుణ్ణీ, నేలతడినీ బట్టి నడుస్తుంది. అందుచేత మీ నోటుపుస్తకంలో పండుగ పేరు కాక తారీఖు వేయండి.

ఒక్క చెట్టు చాలు. జనవరి మొదట్లోనే దాన్ని ఎంచుకోండి. వారానికొకసారి వెళ్ళి మొగ్గలు, పూలు, చిగుళ్ళు, కాయలు ఎంతమేరకు ఉన్నాయో రాయండి. మొదటి పువ్వు కనిపించిన తారీఖు చుట్టూ గీత గీయండి. 2010లో మొదలైన 'సీజన్‌వాచ్' అనే పథకంలో దేశమంతటా బడిపిల్లలు చేస్తున్నది ఇదే. పొలం గట్టు చదును చేసేటప్పుడు మొదట పోయేది మోదుగే. కాబట్టి ఎంచుకున్న చెట్టు ఎవరి పొలంలో ఉందో తెలుసుకుని, ఆ రైతుతో మాట్లాడి మరీ మొదలుపెట్టండి. అడిగితే ఆయన కూడా మీకు నాలుగు మాటలు చెబుతాడు.

ఇద్దరు మిత్రులుంటే ఒక మంచి పరీక్ష చేయవచ్చు. ఒకరు కాలువ పక్కనున్న మోదుగను, ఇంకొకరు రాతిగుట్టమీది మోదుగను చూడాలి. ఏది ముందు ఆకు రాలుస్తుంది? ఏది ముందు పూస్తుంది? ఏడాదంతా వేర్లకు నీరందే చెట్టు తొందరపడుతుందా, నిదానిస్తుందా? మీ ఊహను ముందుగా రాసుకోండి, తరువాత చెట్టు చెప్పిన జవాబు దాని కిందే రాయండి. పుస్తకంలో కొన్ని తెల్లకాగితాలు మిగుల్చుకోవడం మరవకండి. మోదుగ కాయలు పట్టేసరికి ఏప్రిల్ వస్తుంది, రేల పసుపు గుత్తులు వేలాడదీయడం మొదలుపెడుతుంది.