కోపం వెనుక బెరుకు: యుద్ధానంతర ఆంగ్ల నవలలో మధ్యతరగతి

రెండవ ప్రపంచ యుద్ధం తర్వాతి ఆంగ్ల నవల గురించి ఏ గైడు తెరిచినా ముందు కనబడే మాట 'యాంగ్రీ యంగ్ మెన్'. 1956లో జాన్ ఆస్బర్న్ నాటకం 'లుక్ బ్యాక్ ఇన్ యాంగర్' ఆడిన దరిమిలా పత్రికలవాళ్లు అంటించిన చీటీ అది. మన విద్యార్థులు దాన్ని కంఠతా పట్టి పరీక్షలో అప్పజెప్పేస్తారు. పాఠం చెప్పేటప్పుడల్లా నాకు మాత్రం ఒకటే అనుమానం. వీళ్లది నిజంగా కోపమేనా? పేజీ పేజీకీ నాకు కనిపించేది బెరుకు. ఎవరైనా చూస్తారేమో, ఏమైనా అనుకొంటారేమోనన్న మధ్యతరగతి బెరుకు.

కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. 1944 నాటి బట్లర్ విద్యాచట్టం ఇంగ్లండులో ప్రభుత్వ సెకండరీ చదువును ఉచితం చేసింది. పదకొండో ఏటి పరీక్ష గట్టెక్కిన గుమాస్తాల పిల్లలు, కార్మికుల పిల్లలు గ్రామర్ స్కూళ్లకూ, వారిలో కొందరు యూనివర్సిటీలకూ చేరారు. డిగ్రీ ఇచ్చినంత తేలికగా సంఘం మర్యాద ఇస్తుందా? 1955 క్రిస్మస్ నాటి సండే టైమ్స్‌లో సోమర్‌సెట్ మామ్ అంతటివాడు, 'లక్కీ జిమ్' నవలను మెచ్చుకొంటూనే, ఈ కొత్త చదువరులను తెట్టు కింద జమకట్టాడు. ఆలన్ రాస్ అనే భాషాశాస్త్రజ్ఞుడు 1954లో రాసిన సంగతుల్ని నాన్సీ మిట్‌ఫర్డ్ ఆ మరుసటేడు లోకమంతా చాటింది. భోజనాల బల్ల మీది గుడ్డను 'నాప్‌కిన్' అన్నవాడు గొప్పింటివాడు. నాజూకుగా ఉంటుందని 'సర్వియెట్' అన్నాడో, దొరికిపోయాడన్నమాటే!

ఇప్పుడు కింగ్స్‌లీ ఎమిస్ 'లక్కీ జిమ్' (1954) చూడండి. జిమ్ డిక్సన్ చరిత్ర లెక్చరరు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ప్రొఫెసరు వెల్చ్ ఇంట అతిథిగా ఉండి, తాగిన మత్తులో సిగరెట్టుతో నిద్రపోయి పక్కబట్టలు కాల్చేశాడు. పొద్దున లేచి ఏం చేస్తాడు? బ్లేడు తీసి కాలిన అంచుల్ని కత్తిరిస్తాడు. మాడిన బల్లను మోసుకుపోయి సామాన్ల గదిలో దాస్తాడు. క్లాసంతా విరగబడి నవ్వుతుంది, నవ్వవలసిందే. కాని, డిగ్రీ చదివి, యుద్ధకాలంలో సైనిక సేవ చేసి వచ్చిన మనిషి దుప్పటి కోసం అంత హడలిపోవడమేమిటి? వెల్చ్ ఎదుట అన్నిటికీ తలూపి, ఆయన అటు తిరగగానే వికారంగా మొహం పెడతాడు. కోపం వచ్చినవాడు చేసే పని కాదది. (మా స్టాఫ్ రూములో ఈ నవలను నవ్వకుండా చదివినవాళ్లూ ఉన్నారు. కారణం చెప్పనక్కరలేదు.)

చివరికి గోర్-అర్క్‌హార్ట్ అనే ధనవంతుడు లండన్‌లో ఉద్యోగమిస్తాడు. సుఖాంతమే, కాదనను. కాని ప్రొఫెసరు దయ పోయి షావుకారు దయ వచ్చింది, అంతే కదా!

జాన్ బ్రెయిన్ 'రూమ్ ఎట్ ది టాప్' (1957) నాయకుడు జో లాంప్టన్‌కు ఈపాటి అదృష్టం కూడా లేదు. మునిసిపల్ ఖజానాలో గుమాస్తా. ఆడవాళ్లను భర్తల జీతాన్ని బట్టి గ్రేడులు కట్టేవాడు. ప్రేమించిన ఆలిస్‌ను వదిలి, ఫ్యాక్టరీ యజమాని కూతురు సూసన్‌ను చేసుకుంటాడు. ఆలిస్ కారు ప్రమాదంలో చనిపోతుంది. పదేళ్ల తర్వాత అదంతా చెబుతున్న జో గొంతులో నాకు గెలుపు వినిపించదు. ఎక్కవలసిన చోటికి ఎక్కాడు గాని, ఎక్కినవాడికి నిద్ర లేదు.

ఇదంతా ఎక్కేవాళ్ల కథ. మరి జారిపోతామేమోనని భయపడేవాళ్లో? సిలబస్ వాళ్లను దాదాపు మరచిపోయింది. బార్బరా పిమ్ 'ఎక్సలెంట్ విమెన్' (1952)లో మిల్‌డ్రెడ్ మతాచార్యుడి కూతురు, అవివాహిత, లండన్‌లో ఒంటరి కాపురం. అప్పటికింకా రేషను. స్నానాలగదిని కింది వాటాలోవాళ్లతో పంచుకోవాలి. ఆమె పనిచేసేది చితికిపోయిన పెద్దింటి ఆడవాళ్లకు సాయంచేసే సంస్థలో. రేపు తాను కూడా అర్జీ పట్టుకొని అదే బల్ల ముందు నిలబడవలసి రావచ్చునని పాఠకుడికి తెలుస్తూనే ఉంటుంది. రచయిత్రి మాత్రం గొంతు పెంచదు. అందుకే నాకు డిక్సన్ కంటే మిల్‌డ్రెడ్ ఎక్కువ గుర్తుంటుంది.

1963లో ప్రచురణకర్తలు పిమ్ నవలను తిప్పి పంపారు. 1977లో ఫిలిప్ లార్కిన్, లార్డ్ డేవిడ్ సెసిల్ ఆమె పేరెత్తేదాకా కొత్త నవల ఏదీ అచ్చు కాలేదు. ఆ ఏడే వెలువడిన 'క్వార్టెట్ ఇన్ ఆటమ్' సంపాదించి చదవండి, పలచటి పుస్తకమే. అందులో రిటైరైన మార్షియా ఖాళీ పాలసీసాలు కడిగి షెడ్డులో పేర్చుకుంటూ ఉంటుంది. యుద్ధకాలంలో ఖాళీ సీసా ఇస్తేగాని పాలు పోసేవారు కాదు. మళ్లీ ఆ రోజులొస్తాయేమోనని.