నొప్పి లేదని ఆగకండి

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో శనగగింజంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. మావారికి ఆరు నెలలుగా మగ్గం పని లేదు. పరీక్షలకు డబ్బుల్లేవు. పండగ వెళ్లాక చూపించుకోవచ్చా?
– ఒక సోదరి, సిరిసిల్ల

జవాబు: వద్దమ్మా, ఈ వారమే వెళ్లండి. రొమ్ములో గడ్డలన్నీ క్యాన్సర్ కావు, చాలావరకు మామూలువే. కానీ క్యాన్సర్ గడ్డ మొదట్లో తరచూ నొప్పి పెట్టదు. అందుకే నొప్పి లేదని నిశ్చింతగా ఉండకూడదు.

30 దాటిన మహిళలకు ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చేత్తో చేసే రొమ్ము పరీక్ష ఉచితం. దాన్ని తక్కువగా చూడకండి. ముంబయిలో టాటా మెమోరియల్ వైద్యులు 1998లో మొదలుపెట్టి లక్షన్నర మంది మహిళలతో సాగించిన అధ్యయనంలో, రెండేళ్లకోసారి ఈ పరీక్ష చేయించుకున్న 50 దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి.

మీకు గడ్డ తగిలింది కాబట్టి అక్కడితో ఆగొద్దు. స్కానింగ్, సూది పరీక్ష కోసం పెద్దాసుపత్రికి రాయించుకోండి. ఒకవేళ క్యాన్సరే అయినా ఆరోగ్యశ్రీ కింద చికిత్స ఉంది, హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. తొలిదశలో పట్టుకుంటే నయమయ్యే అవకాశం ఎక్కువ, ఖర్చూ తక్కువ. ఇంటికి మీ ఆరోగ్యమే ఆసరా తల్లీ, ఆలస్యం చేయకండి.